పండగ భోజనానికి ముందు వీగన్ స్టార్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా, దీపావళి, సంక్రాంతి దగ్గరపడుతున్నాయంటే ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఇంటికి రాబోయే కోడలో, అల్లుడో, అబ్బాయి స్నేహితుడో వీగన్ అని తెలుస్తుంది. పాలు, నెయ్యి లేకుండా పండగ పూట ఏం పెట్టాలని టెన్షన్ మొదలవుతుంది. ఆ సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మేం శాకాహారులమే కదా, వీగన్ వాళ్ల కోసం ఇంకేం మానాలి?

జంతువుల నుంచి వచ్చేది ఏదీ వాడకూడదు. అంటే మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, మజ్జిగ, మీగడ, వెన్న, నెయ్యి, పనీర్, కోవా, తేనె కూడా వద్దు. పప్పులు, బియ్యం, కూరగాయలు, నూనెలు, బెల్లం, కొబ్బరి పాలు, జీడిపప్పు, వేరుశెనగలు హాయిగా వాడుకోవచ్చు. మన ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది నెయ్యి. గుగ్గిళ్ల తాలింపులో వేసిన ఒక్క చెంచా నెయ్యి కూడా లెక్కలోకే వస్తుంది. "కొంచెమే కదా" అని చెప్పకుండా వడ్డించకండి. తినాలా వద్దా అన్నది తినేవాళ్ల నిర్ణయం.

మన పండగ వంటల్లో పాలు, నెయ్యి లేనివి అసలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఈ విషయం ముందే తెలిస్తే సగం బెంగ తీరిపోతుంది. మసాలా వడ, మినప గారెలు, అలసంద వడలు, ఉల్లి పకోడీ, మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, సెనగల గుగ్గిళ్లు, తెలంగాణలో సంక్రాంతికి చేసే సకినాలు, సర్వపిండి, ఇవన్నీ మామూలుగా చేసే పద్ధతిలోనే వీగన్. కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ రోజు మన ముందుకు వచ్చే గారెలో పప్పు, ఉప్పు, నూనె తప్ప ఉండేది అల్లం, మిరియాలు, కరివేపాకు మాత్రమే.

మరి పాలపదార్థాలు ఎక్కడ దూరతాయి? చెక్కలు, జంతికల పిండిలో వెన్నగా వస్తాయి. మైసూర్ బజ్జీ లాంటి వాటిలో పులుపు కోసం పెరుగుగా వస్తాయి. తాలింపులోనో, చివర్లో పైన వేసే నెయ్యిగానో వస్తాయి. పక్కన పెట్టే చట్నీలో, పెరుగు గారెల్లో వస్తాయి. వంటకం మొత్తాన్ని మార్చాల్సిన పని లేదు, ఈ చోట్లు పట్టుకుంటే చాలు. అందుకే ఖరీదైన వీగన్ చీజ్, నకిలీ మాంసం ప్యాకెట్లు తెచ్చి పండగ బల్ల మీద పెట్టమని నేను ఎవరికీ చెప్పను. మన దగ్గర ఉన్నదే చాలా రుచిగా ఉంటుంది.

ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే వీగన్ అనుకోవచ్చా?

అనుకోకూడదు. చదరంలో ఉండే పచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, అందులో పాలు, తేనె ఉండొచ్చు. వీగన్ పదార్థాల కోసం మన దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి పొందిన వాటి మీద ఆకుతో కూడిన పచ్చని 'వి' గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేనంత మాత్రాన పనికిరాదని కాదు. సెనగపిండి ప్యాకెట్ మీద ఆ గుర్తు కోసం వెతకక్కర్లేదు. కలిపి తయారుచేసిన సరుకులైతే మాత్రం పదార్థాల జాబితా చదవండి. మిల్క్ సాలిడ్స్, వే (whey), కేసీన్ (casein), బటర్, ఘీ అన్న మాటలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. జాబితా కింద అలెర్జీ గురించి రాసే చోట పాలు ఉన్నాయో లేదో కూడా చెబుతారు, ముందు అక్కడ చూస్తే పని త్వరగా అవుతుంది.

మేం అమెరికాలో ఉన్నాం. థ్యాంక్స్ గివింగ్ పార్టీకి సరుకులు కొనేటప్పుడు ఏం చూడాలి?

అక్కడ పచ్చ చుక్క నిబంధన లేదు. ప్యాకెట్‌లో పాలు, గుడ్లు, సోయా, వేరుశెనగ, గోధుమ లాంటివి ఉంటే లేబుల్ మీద చెప్పాలని చట్టం ఉంది. 2023 నుంచి ఆ జాబితాలో నువ్వులు కూడా చేరాయి. కాబట్టి పాల సంగతి తేలిగ్గానే తెలిసిపోతుంది. తేనె ఆ జాబితాలో లేదు, అందుకని పదార్థాల పట్టీ కూడా చదవాల్సిందే. పప్పులు, బియ్యప్పిండి, కరివేపాకు, ఫ్రీజర్‌లో దొరికే తురిమిన కొబ్బరి, ఇవన్నీ ఇండియన్ స్టోర్‌లో తెచ్చుకుంటే మసాలా వడలు, గుగ్గిళ్లతో పార్టీ సగం అయిపోయినట్టే. రెడీమేడ్ సమోసాలు, స్ప్రింగ్ రోల్స్ కొంటే లోపలి కూరలో నెయ్యి, పైపొరలో వెన్న ఉన్నాయేమో చూడండి.

ఎన్ని రకాలు చేయాలి? మనిషికి ఎన్ని లెక్కేసుకోవాలి?

తర్వాత పూర్తి భోజనం ఉంటే మూడు రకాలు దాటొద్దు. వేడివేడిగా వేయించేది ఒకటి, నూనెలో వేయించనిది ఒకటి, ముందే చేసి డబ్బాలో పెట్టుకున్న కరకరలాడేది ఒకటి ఉంటే సరిపోతుంది. వేయించినవి మనిషికి మూడు లెక్కేసుకోండి. పావు కిలో సెనగపప్పుతో ఇరవై పైచిలుకు మధ్యరకం మసాలా వడలు వస్తాయి, ఏడెనిమిది మందికి చాలు. పొయ్యి దగ్గర ఒక్కరే ఉంటే వేడిగా వేయించే రకం ఒకటికి మించి పెట్టుకోకండి. పండగ రోజు వంట చేసేవాళ్లు కూడా కూర్చుని తినాలి.

## ఏం చేయాలో ఎంచుకునేటప్పుడు

మొదటిసారి చేసేవాళ్లకి కూడా తప్పకుండా కుదిరేది ఏది?

మసాలా వడ. పిండి పులియక్కర్లేదు, చేతిలో ఆకారం తేవడం కష్టం కాదు, చల్లారినా బాగుంటుంది.

పావు కిలో సెనగపప్పు రెండు గంటలు నానబెట్టండి. అంతకంటే బాగా ఎక్కువసేపు నానితే నూనె పీలుస్తుంది. నీళ్లు వంపేసి, పప్పును జల్లెడలో పావుగంట వదిలేయండి. ఈ పని చాలామంది చేయరు, వడ విరిగిపోవడానికి ముఖ్య కారణం అదే. గుప్పెడు పప్పు విడిగా తీసి పెట్టండి. మిగిలిన దాన్ని ఐదారు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, చెంచా జీలకర్రతో చుక్క నీళ్లు లేకుండా బరకగా తిప్పండి. మిక్సీని ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి తిప్పాలి. తీసి పెట్టిన పప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, పుదీనా, కొత్తిమీర కలపండి. ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేస్తే ఉల్లి నీరు వదిలి పిండి జారుతుంది.

నిమ్మకాయంత ఉండ చేసి, అరచేతిలో వత్తి మధ్యస్థ మంట మీద వేయించండి. మధ్యభాగం మందంగా, అంచులు పలుచగా ఉంటే లోపల మెత్తగా, చుట్టూ కరకరలాడుతూ వస్తాయి. నూనెలో విడిపోతుంటే పిండిలో గుప్పెడు తీసి మెత్తగా రుబ్బి మళ్లీ కలపండి. గట్టిగా రాయిలా వస్తున్నాయంటే మొత్తం మరీ మెత్తగా రుబ్బారన్నమాట. అప్పుడు ఇంకాస్త ఉల్లి వేసి, వడను పలుచగా వత్తండి.

నూనెలో వేయించనివి ఏమున్నాయి?

నవరాత్రుల్లో చేసే గుగ్గిళ్లే అన్నిటికన్నా తేలిక. సెనగలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వంచి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో నూనె తాలింపు పెట్టండి. దింపాక పచ్చికొబ్బరి తురుము, నిమ్మరసం కలపండి. చిన్న గిన్నెల్లో వేసి ఇస్తే అతిథులు నిలబడి కబుర్లు చెప్పుకుంటూ తినడానికి బాగుంటుంది. బొబ్బర్లు, పెసలు, వేరుశెనగలతో కూడా ఇలాగే చేయొచ్చు.

విశాఖ బీచ్‌లో దొరికే మురీ మిక్చర్ ఇంకోటి. మరమరాలు, ఉల్లి, టమాటా, వేయించిన వేరుశెనగలు, కొత్తిమీర, కారం, నిమ్మరసం. అన్నీ తరిగి పెట్టుకుని తినే నిమిషంలోనే కలపాలి, పది నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. ఆవిరి మీద ఉడికేవి కావాలంటే బియ్యపురవ్వ, సెనగపప్పుతో చేసే ఉండ్రాళ్లు చిన్నచిన్నవిగా చేసి అల్లం పచ్చడితో పెట్టండి. రవ్వ ఉడికించేటప్పుడు నెయ్యి బదులు నూనె వేస్తే చాలు.

సర్వపిండి ఎప్పుడూ చేయలేదు. కుదురుతుందా?

కుదురుతుంది. ఒక్క మెలకువ తెలియాలి: చల్లగా ఉన్న గిన్నెలోనే పిండి వత్తాలి. తెలంగాణలో గిన్నప్ప, తపేలా చెక్క అని పిలిచేది కూడా దీన్నే.

రెండు కప్పుల బియ్యప్పిండిలో నానబెట్టిన సెనగపప్పు రెండు చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశెనగలు, నువ్వులు, జీలకర్ర, కారం, ఉప్పు, కరివేపాకు, తరిగిన ఉల్లికాడలు వేసి, గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కలపండి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, పిండిని లోపల పలుచగా పరిచి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టండి. చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు కాల్చాలి. తిరగేయక్కర్లేదు. అడుగు ఎర్రగా కాలి అంచులు గిన్నెను వదిలితే అయిపోయినట్టు. వేడి గిన్నెలో రెండోది వత్తితే చేయి కాలుతుంది, పిండి అంటుకుపోతుంది. అందుకే గిన్నె బయటివైపు నీళ్లు పోసి చల్లార్చుకుంటారు. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఆ పని తప్పుతుంది. ముక్కలుగా కోసి పెడితే ఎవరికైనా నచ్చుతుంది. నా లెక్కలో పండగ స్టార్టర్లలో దీనికి దక్కాల్సిన పేరు ఇంకా దక్కలేదు.

పనీర్ టిక్కా అడుగుతున్నారు. దాని బదులు ఏం పెట్టాలి?

సోయా పాలతో చేసే టోఫూలో గట్టి రకం వాడొచ్చు. గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచితే నీరు పోతుంది. ఆ నీరు పోకపోతే మసాలా లోపలికి దిగదు. పెరుగు బదులు జీడిపప్పు ముద్ద రెండు చెంచాలు, దోరగా వేయించిన సెనగపిండి రెండు చెంచాలు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, గరం మసాలా, కొంచెం నూనె కలిపి పట్టించండి. అరగంట ఆగి పెనం మీద అన్ని వైపులా కాల్చండి.

టోఫూ అలవాటు లేనివాళ్లకి కంద ఇంకా నచ్చుతుంది. చెక్కు తీసి, పెద్ద ముక్కలుగా కోసి, చింతపండు నీళ్లలో ముప్పావు వంతు ఉడికించండి. చింతపండు వల్ల దురద ఉండదు. అదే మసాలా పట్టించి కాల్చి, టూత్‌పిక్ గుచ్చి ఇవ్వండి.

ముందు నైవేద్యం పెట్టి తర్వాత అతిథులకి ఇవ్వాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఏవి బాగుంటాయి?

మిరియాలు, అల్లం, కరివేపాకు వేసిన మినప గారెలు, గుగ్గిళ్లు, సకినాలు, అరటికాయ బజ్జీ. ఉల్లి లేని లోటు తెలియకుండా చేసేది ఇంగువ.

పిల్లలకి కారం లేనిది ఏం చేయాలి?

మొక్కజొన్న గింజల వడలు. లేత గింజల్ని కచ్చాపచ్చాగా తిప్పి, బియ్యప్పిండి, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు వేసి చిన్నవిగా వేయించండి. తియ్యగా ఉంటాయి, పిల్లలు ఇష్టంగా తింటారు.

## వెన్న, పెరుగు, గుడ్ల బదులు

వెన్న లేకపోతే చెక్కలు, జంతికలు గట్టిపడిపోవా?

గట్టిపడవు. వెన్న చేసే పని పిండి రేణువులకు కొవ్వు పట్టించి గుల్లగా రావడానికి సాయపడటం. ఆ పని కాచిన నూనె కూడా చేస్తుంది. చాలా ఇళ్లలో ముందు నుంచీ అలాగే చేస్తున్నారు.

రెండు కప్పుల బియ్యప్పిండికి రెండు పెద్ద చెంచాల నూనె బాగా వేడిచేసి పోయండి. ముందు గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారాక వేళ్లతో పిండినంతా రుద్దండి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్దలా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అలా వచ్చాకే వేడి నీళ్లు చల్లుకుంటూ కలపండి. నూనె మరీ ఎక్కువైతే చెక్కలు నూనెలో వేయగానే విచ్చిపోతాయి, కొంచెం పొడిపిండి కలిపితే సర్దుకుంటుంది. జంతికలకైతే రెండు కప్పుల బియ్యప్పిండికి అరకప్పు పుట్నాల పిండి కలిపితే నోట్లో కరిగేలా వస్తాయి. కమ్మదనం కోసం నీళ్లలో కొంత బదులు గోరువెచ్చని చిక్కటి కొబ్బరి పాలు పోయొచ్చు. కొబ్బరి పాలు పోసినవి త్వరగా రంగు మారతాయి కాబట్టి మంట తగ్గించండి, వారంలోపు తినేయండి.

మైసూర్ బజ్జీకి పెరుగు తప్పనిసరి కదా?

పులుపు తప్పనిసరి, పెరుగు కాదు. పుల్లటిది వంటసోడాతో కలిస్తేనే బజ్జీ ఉబ్బుతుంది. బాగా పులిసిన ఇడ్లీ పిండి అరకప్పు, మైదా ఒక కప్పు, రెండు చెంచాల బియ్యప్పిండి, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ చేత్తో ఐదు నిమిషాలు గిలకొట్టండి. పిండి సాగుతూ ఉండాలి. గంటన్నర ఆగి, వేయించే ముందు పావు చెంచా సోడా కలపండి. ఇడ్లీ పిండి లేకపోతే నీళ్లలో పెద్ద చెంచా నిమ్మరసం కలిపి వాడొచ్చు. అప్పుడు ఉబ్బుతాయి కానీ పులిసిన రుచి కొంచెం తగ్గుతుంది.

పెరుగు గారెలు వీగన్‌గా చేయడం సాధ్యమేనా?

సాధ్యమే, రెండు దారులున్నాయి.

మొదటిది వేరుశెనగ పెరుగు. కప్పు వేరుశెనగలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టండి. ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ మరిగించి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేయండి. తోడు కోసం దుకాణంలో దొరికే మొక్కల పాల పెరుగు రెండు చెంచాలు వాడండి. అది లేనివాళ్లు పచ్చిమిరప తొడిమలు వేసి కూడా తోడుపెడతారు, కానీ పండగ ముందురోజు ఆ ప్రయోగం చేయకండి, ఒకసారి ముందుగా చేసి చూసుకోండి. ఎనిమిది, పది గంటల్లో తోడుకుంటుంది. వేరుశెనగ వాసన కొంచెం ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపితే అది తెలియదు.

రెండోది తోడు అక్కర్లేనిది. పచ్చికొబ్బరి, నానబెట్టిన జీడిపప్పు సమంగా తీసుకుని మెత్తగా రుబ్బి, పల్చన చేసి, నిమ్మరసం, ఉప్పు వేయండి. పెరుగులా ఉండదు, దీనిది వేరే రుచి, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. ఏది చేసినా వేయించిన గారెను ముందు నీళ్లలో ముంచి తీసి ఆ తర్వాత ఇందులో వేయండి. తాలింపు చల్లారాకే కలపండి, వేడిది పోస్తే విరిగినట్టు కనిపిస్తుంది.

గుడ్డు లేకుండా కట్‌లెట్ విడిపోకుండా ఎలా నిలుస్తుంది?

దుంపల్లో తడి లేకుండా చూడటంలోనే అంతా ఉంది. బంగాళదుంపల్ని తొక్కతోనే ఉడికించి, ఒలిచి, పూర్తిగా చల్లారాక చిదమండి. మిగతా కూరగాయలు విడిగా వేయించి నీరు ఇంకిపోయాక కలపండి. పొడిచేసిన అటుకులు రెండు మూడు చెంచాలు వేస్తే మిగిలిన తడిని పీల్చుకుంటాయి. పైపూతకు మొక్కజొన్న పిండి నీళ్లలో పల్చగా కలిపి, అందులో ముంచి బ్రెడ్ పొడిలో దొర్లించండి. కొన్ని బ్రెడ్లలో మిల్క్ సాలిడ్స్ ఉంటాయి కాబట్టి లేబుల్ చూసి కొనండి, లేదా బ్రెడ్ పొడి బదులు బొంబాయి రవ్వ వాడండి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి వేయిస్తే ఆకారం చెడదు.

నెయ్యి బదులు డాల్డా వాడొచ్చా?

వనస్పతి మొక్కల నూనెతోనే తయారవుతుంది, కానీ స్టార్టర్లకు దాని అవసరమే లేదు. మంచి వేరుశెనగ నూనెలో ఆ రుచి, కరకర రెండూ ఉంటాయి.

## ముందు రోజు, పొయ్యి దగ్గర

పండగ రోజు హడావుడి లేకుండా ముందు రోజే ఏమేం చేసుకోవచ్చు?

చెక్కలు, జంతికలు, సకినాలు వారం ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు. ముందు రోజు రాత్రి సెనగలు నానబెట్టండి, జీడిపప్పు చట్నీ రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి, కట్‌లెట్లు ఆకారం చేసి పెట్టండి. గారెల పిండి, మసాలా వడ పిండి మాత్రం ఆ రోజే రుబ్బాలి. మినప్పిండి రాత్రంతా ఉంటే పులుస్తుంది, గారె నూనె తాగుతుంది. ఉల్లి ముందే తరిగినా పిండిలో కలపకండి. వేయించే పావుగంట ముందు కలిపితే చాలు.

గారెలు నూనె పీల్చేస్తున్నాయి, ఎందుకు?

సాధారణంగా పిండి పల్చబడటం వల్ల, లేదంటే నూనె కాగకముందే వేయడం వల్ల. మినపగుళ్లు మూడు, నాలుగు గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బాలి. తర్వాత చేత్తో ఒకే దిశలో బాగా గిలకొట్టండి. చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు వేయించే ముందే కలపాలి. పిండి జారుగా అయిపోతే చెంచా రెండు చెంచాల బియ్యప్పిండి వేయండి. నూనెలో చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి లేవాలి కానీ నల్లబడకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె చల్లబడి పోతుంది, నాలుగైదు చొప్పున వేయండి.

మిరపకాయ బజ్జీ ఘాటు తగ్గించడం ఎలా?

లేతాకుపచ్చ రంగులో లావుగా ఉండే బజ్జీ మిరపకాయలే తీసుకోండి. నిలువుగా గాటు పెట్టి గింజలు, లోపలి తెల్లని ఈనె తీసేయండి. వాము, ఉప్పు, చింతపండు గుజ్జు, కొంచెం సెనగపిండి కలిపిన ముద్ద లోపల పూయండి. పులుపు ఘాటును కొంత తగ్గిస్తుంది. వడ్డించేటప్పుడు మధ్యకు చీల్చి సన్నటి ఉల్లి ముక్కలు, వేయించిన వేరుశెనగలు పెట్టి నిమ్మకాయ పిండితే పండగ బజ్జీ అవుతుంది.

చికెన్ వేయించిన నూనెలోనే వీగన్ వాళ్లవి వేయించొచ్చా?

వద్దు. ముందు వీగన్ వాటిని తాజా నూనెలో వేయించేసి, తర్వాత అదే నూనె మిగతావాటికి వాడుకోండి. అదనపు ఖర్చు లేదు, వరస మారితే చాలు. జల్లి గరిట కూడా విడిగా పెట్టండి.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో వస్తాయా?

మసాలా వడ, కట్‌లెట్, కంద ముక్కలు వస్తాయి. పైన నూనె రాసి, 180 డిగ్రీల దగ్గర మధ్యలో ఒకసారి తిప్పుతూ పావుగంట పెట్టండి. బజ్జీలు, పునుగులు, గారెలు రావు. జారుగా ఉన్న పిండి గట్టిపడేలోపే కిందికి కారిపోతుంది.

## చట్నీలు

పెరుగు లేకుండా కొబ్బరి చట్నీ తెల్లగా, కమ్మగా ఎలా వస్తుంది?

కొబ్బరి గోధుమరంగు చెక్కు తీసేసి, పుట్నాలు, పచ్చిమిర్చి, ఉప్పుతో రుబ్బండి. పులుపుకు చివర్లో నిమ్మరసం వేయండి. చింతపండు వేస్తే రంగు మారుతుంది. బయట హోటల్ నుంచి చట్నీ తెస్తే పెరుగు కలిపారేమో అడగండి, కొన్నిచోట్ల కలుపుతారు.

పల్లీ చట్నీ, అల్లం పచ్చడి, టమాటా పచ్చడి మామూలుగానే వీగన్. అల్లం పచ్చడిలో తీపికి బెల్లమే వేస్తాం కాబట్టి తేనె సంగతి రాదు.

కూరగాయ ముక్కలు ముంచుకోవడానికి చిక్కటి, మీగడలాంటి డిప్ కావాలి.

పలాస జీడిపప్పు మనకి దగ్గర్లోనే ఉంది, దాన్ని వాడుకోండి. అరకప్పు జీడిపప్పు అరగంట వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు వంపేసి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, నిమ్మరసం, ఉప్పుతో మెత్తగా రుబ్బండి. చిక్కదనం చూసి నీళ్లు కలపండి. ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి మొదట కాస్త పల్చగానే ఉంచండి. విరిగిన గుళ్లు చవక, రుబ్బడానికి అవే చాలు. కీరా, క్యారెట్, ముల్లంగి ముక్కలతో బాగుంటుంది, వడలతో ఇంకా బాగుంటుంది.

## వడ్డించేటప్పుడు, ఆ తర్వాత

వేయించినవి గంటసేపు కరకరలాడుతూ ఉంచాలంటే?

హాట్‌బాక్స్‌లో మూత బిగించి పెట్టకండి, ఆవిరికి మెత్తబడతాయి. జల్లెడ మీదో, జాలీ మీదో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర ఉంచొచ్చు. ముప్పావు వంతు వేయించి తీసి, అతిథులు కూర్చోగానే రెండో విడత ఎర్రగా వేయించడం ఇంకా మంచి పద్ధతి.

వీగన్ పళ్లాన్ని విడిగా ఒక మూల పెట్టాలా?

అలా పెట్టకండి. వచ్చినవాళ్లని పక్కకు నెట్టినట్టు ఉంటుంది. స్టార్టర్లన్నీ అందరికీ వీగన్‌వే చేయండి, ఎవరికీ ఏ లోటూ ఉండదు. పెరుగు చట్నీ లాంటిది ఏదైనా ఉంటే దాని మీదే చిన్న చీటీ పెట్టి, గరిట కలవకుండా కాస్త దూరంగా ఉంచండి.

పెద్దవాళ్లు "నెయ్యి లేని పండగ ఏమిటి" అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదన పెట్టుకోవద్దు. సకినాలు, గారెలు, గుగ్గిళ్లు చేసే పని వాళ్లకే అప్పగించండి, వాళ్ల చేతి రుచి వేరు. అవన్నీ వాళ్లు ఏళ్లుగా చేస్తున్న పద్ధతిలోనే వీగన్ అని తెలిశాక అభ్యంతరం చాలావరకు ఉండదు. భోజనంలో వాళ్ల అన్నంలోకి నెయ్యి గిన్నె విడిగా పెట్టండి. ఒకరి కోసం ఇంకొకరిది లాక్కోనక్కర్లేదు.

తాగడానికి మజ్జిగ, లస్సీ కాకుండా ఏం ఇవ్వొచ్చు?

బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి వేసిన పానకం వేయించినవాటి పక్కన చాలా బాగుంటుంది. లీటరు నీటికి 150 గ్రాముల బెల్లం చాలు. రాయలసీమలో తాగే నన్నారి షర్బత్‌లో నిమ్మకాయ పిండి ఇవ్వొచ్చు. కొబ్బరినీళ్లు ఎలాగూ ఉన్నాయి.

వీగన్ కాబట్టి అలెర్జీ ఉన్నవాళ్లు కూడా ధైర్యంగా తినొచ్చా?

తినకూడదు. పాల బదులు మనం వాడేవి వేరుశెనగ, జీడిపప్పు, నువ్వులు, సోయా. అలెర్జీ ఎక్కువగా వచ్చేది కూడా వీటితోనే. పొడి ఇంగువలో సాధారణంగా గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. పిలిచేటప్పుడే ఎవరికి ఏది పడదో అడగండి. వేరుశెనగ పడనివాళ్లు ఉంటే నూనె కూడా మార్చి పొద్దుతిరుగుడు నూనె వాడండి.

మిగిలిపోతే ఏం చేయాలి?

చెక్కలు, జంతికలు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. పచ్చికొబ్బరి వేసిన గుగ్గిళ్లు ఆ పూటే తినేయాలి, కొబ్బరి వేయనివి ఫ్రిజ్‌లో రెండో రోజుకీ బాగుంటాయి. మసాలా వడలు మిగిలితే మర్నాడు ఉల్లి, టమాటా వేయించి, కొంచెం చింతపండు పులుసు, ధనియాల పొడి వేసి మరిగించండి. దించే ఐదు నిమిషాల ముందు వడల్ని రెండేసి ముక్కలుగా తుంచి వేయండి. పులుసు కొంచెం పల్చగా ఉండగానే వేయాలి, వడలు దాన్ని పీల్చుకుంటాయి. ఇడ్లీలోకి, వేడన్నంలోకి కూడా సరిపోతుంది.